మా సంఘంలో చదరంగం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో రాజోలి సంఘం లీడరు ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత అన్నది ఇంతకుముందే చదివి వినిపించిండ్రు. నన్ను మాట్లాడమన్నది వేరే ముచ్చట. మా సంఘం ఆడోళ్లు చదరంగం నేర్చుకున్నరని మండలమంతా తెలిసింది. కొందరు మమ్మల్ని చెస్ సంఘం అని పిలుస్తుండ్రు, కొందరు నవ్వుతుండ్రు. నవ్వనీ. ఎట్ల నేర్చుకున్నమో చెప్తే ఇంకో ఊర్లో ఎవరన్నా మొదలు పెట్టుకుంటరని అధ్యక్షురాలు అన్నది, అందుకే ఒప్పుకున్న.

ఆట అంటే మనకు కొత్తది కాదు. అష్టాచెమ్మా ఆడనోళ్లు ఈ హాల్లో ఎవరన్నా ఉన్నరా? వామన గుంటలు, పులిమేక, అన్నీ ఆడినోళ్లమే. మా వాడలో ఒక ఇంటి అరుగు బండ మీద అష్టాచెమ్మా గళ్లు ఉలితో చెక్కి ఉండేవి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికొచ్చినప్పుడు మగ్గాలతో పాటు ఆ అరుగు కూడా పోయింది. ఆ తర్వాత సుద్దముక్కతో గీసుకొని ఆడినం, గవ్వలు లేకపోతే చింతపిక్కలు అరగదీసి ఆడినం.

కాని అష్టాచెమ్మాలో ఒక తిప్పలుంది. రాజోలికి కోడండ్లు నాలుగు దిక్కుల నుంచి వచ్చినోళ్లు. ఏటి అవతల కర్నూలు దిక్కు నుంచి కొందరు, రాయచూరు దిక్కు నుంచి కొందరు, గద్వాల, అలంపూరు దిక్కు నుంచి కొందరు. ఒకామె ఎదుటోళ్ల కాయను ఒక్కదాన్నన్నా కొట్టందే లోపలి గళ్లల్లోకి పోవద్దంటది. ఇంకొకామె మా పుట్టింట్ల అట్ల లేదు, సక్కగ పోవచ్చంటది. చెమ్మా పడితే మల్ల వేయాలె అన్నది అందరూ ఒప్పుకుంటరు. మూడుసార్లు వరసగ పడితే అవి లెక్కకొస్తయా, కాలిపోతయా అంటే మల్ల కొట్లాట. ఎవరి పుట్టింటి రూలు వాళ్లకు గొప్ప. కాయ పండేలోపల మాట పండుతది. ఆ ఆట నోటి మాట మీద నడిచింది, ఎక్కడా రాసి లేదు. చదరంగం మాకు కొత్తగ అనిపించింది ఈ ఒక్క దగ్గరనే. దాని రూల్స్ రాసి ఉన్నయి. రాజోలిలో ఉన్నది, రష్యాలో ఉన్నది ఒకటే రూలు.

ఎట్ల మొదలైందంటే, వానాకాలం. మగ్గం నేసే ఇండ్లోళ్లకు తెలుసు, ముసురు పట్టిందంటే గుంట మగ్గంలో చెమ్మ ఎక్కుతది, గంజి పెట్టిన పడుగు మెత్తబడి తెగుతది. నేసేటోడు మగ్గం దిగితే కండెలు చుట్టే ఆడిదానికి కూడా చెయ్యి ఖాళీ. అటువంటి రోజుల్లో మా సంఘం మీటింగ్ అయినంక ఎవరూ లేచి పోలేదు, బయట వాన. మా సభ్యురాలి బిడ్డ, తొమ్మిదో తరగతి, బడి నుంచి తెచ్చుకున్న చదరంగం బోర్డు పరిచి ఒక్కతే రెండు దిక్కులా ఆడుకుంటున్నది. జత ఎవరూ లేరే అంటే, ఇంట్ల ఎవరికీ రాదు అన్నది. వాళ్లమ్మ ఆ మాటకు తల వంచుకున్నది. నేర్పు మరి, అన్నం.

ఆ బోర్డు బడిది, తిరిగి ఇయ్యాలె. మేము 12 మందిమి తలా 20 రూపాయలు వేసుకొని 240 రూపాయలతో మాది మేము కర్నూలు నుంచి తెప్పించుకున్నం. సంఘం పైసలు ఒక్క రూపాయి ముట్టలేదు. ఇది ముందే చెప్పుడు మంచిది, ఎందుకంటే ఆడిటింగ్‌లో ఈ ప్రశ్న వచ్చింది కూడా.

ఊరికే జరగలేదు. ఆట అనంగనే కొన్ని ఇండ్లల్లో పేకాట అనుకున్నరు. మొగోళ్లు పేకాటలో ఏం పోగొట్టుకున్నరో మనకు తెలియంది కాదు, కాబట్టి ఆ భయం తప్పని నేను అనను. అందుకని మొదటి రోజే తీర్మానం చేసినం. పైస పందెం లేదు, చాయ్ పందెం కూడా లేదు. హాజరు, పొదుపు, అప్పు కిస్తులు, పుస్తకం రాసుడు అన్నీ అయినంకనే బోర్డు తెరవాలె. ఇంకొక మాట కూడా వచ్చింది, ఇది రచ్చకట్ట మీద మొగోళ్లు ఆడే ఆట, ఆడోళ్లకెందుకని. దానికి తీర్మానం చేయలేదు, ఆడుకుంటూ పోయినం.

ఇగ నేర్చుకునే సంగతి. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. రూల్స్ అన్నీ ఒక్కసారి చెప్పలేదు. అట్ల చెప్పుంటే మేము సగం మందిమి ఆ రోజే లేచిపోదుము. మొదటి వారం బోర్డు మీద బంట్లు మాత్రమే పెట్టింది. ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. బంటు ముందుకే పోతది, ఎనకకు రాదు. మొదటి అడుగు మాత్రం ఒకటి పోవచ్చు, రెండు పోవచ్చు. నడిచేది నేరుగ, కొట్టేది ఐమూలగ. ఎవరి బంటు ముందుగ ఆ దరి చేరితే వాళ్లు గెలిచినట్టు. ఇంతే. ఒక వారమంతా బంట్లతోనే ఆడినం. నేర్పాలనుకున్నోళ్లకు నేను చెప్పేది ఇదే, బంట్లతో మొదలు పెట్టండి. ఓడినా గెలిచినా పది నిమిషాల్లో అయిపోతది, ఎవరికీ సిగ్గనిపించదు.

తర్వాత వారానికి ఒకటి కలిపింది. ఏనుగు నేరుగ, అడ్డంగ ఎంత దూరమన్నా పోతది. ఒంటె ఐమూలగ పోతది. తెల్ల గడిలో పుట్టిన ఒంటె చచ్చేదాక తెల్ల గళ్లల్లోనే తిరుగుతది. గుర్రం అన్నిటికన్నా ఆఖరుకు చెప్పింది, రెండు గళ్లు నేరుగ పోయి ఒక గడి పక్కకు, నడుమ ఎవరున్నా దుంకుతది. నేత ఇంటి ఆడోళ్లకు గళ్ల లెక్క కష్టం కాలేదు. చదువుకున్న నాకంటే నిశాని పెట్టే పెద్దమ్మ గుర్రాన్ని ముందు పట్టుకున్నది. ఆమె కండ్లతోనే లెక్క చేస్తది, వేలు కదపదు.

బోర్డు పరిచేటప్పుడు ప్రతిసారి అడ్డం తిప్పి పెట్టేటోళ్లం. దానికి రెండు గుర్తులు చెప్పుకున్నం. మన కుడిచేతి మూలకు తెల్ల గడి రావాలె. మంత్రి తన చీర రంగు గడిలోనే కూసుంటది, తెల్లది తెల్ల గడిలో, నల్లది నల్ల గడిలో. ఈ చీర మాట మా వదిన కనిపెట్టింది. మల్ల ఎవరూ తప్పు పెట్టలేదు.

మంత్రి కూసుంటది అన్నందుకు ఒకరు అడిగిండ్రు, మంత్రి మొగోడా ఆడిదా అని. పిల్ల బడిలో క్వీన్ అంటరన్నది, రాణి. మన తెలుగులో మంత్రి. దీని మీద పెద్ద ముచ్చటే అయింది, తర్వాత బడిలో సారును అడిగి తెలుసుకున్నం. ఈ ఆట మన దేశంలోనే దాదాపు 1,500 ఏండ్ల కింద చతురంగం అనే పేరుతో ఉండేదట. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, నాలుగు రకాల సేన. ఇక్కడి నుంచి పర్షియాకు, అరబ్బు దేశాలకు, యూరప్‌కు పోయింది. ఆ పాత ఆటలో మంత్రి చాలా బలహీనం, ఐమూలగ ఒక్క గడి మాత్రమే కదిలేది. 15వ శతాబ్దం చివర్ల యూరప్‌లో రూలు మార్చి, అక్కడ అప్పటికే రాణి అని పిలుస్తున్న ఆ కాయకు అన్ని దిక్కులకు ఎంత దూరమన్నా పోయే బలం ఇచ్చిండ్రు. రాజు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్క గడే. ఇది విన్నప్పుడు మా దగ్గర అయిన నవ్వు నేను ఇక్కడ చెప్పను, మీరే అనుకోండి.

రూల్స్ మారినయి అన్న సంగతి మాకు ఇంకో తీరుగ కూడా తెలిసింది. మా వాడలో ఒక తాత ఉన్నడు, చిన్నప్పటి నుంచి దేశీ ఆట ఆడినోడు. వచ్చి చూసి, మీరు ఆడేది చదరంగమే కాదు అన్నడు. ఆయన ఆటలో బంటు మొదటి అడుగు కూడా ఒక్కటే. రాజు ఆటలో ఒక్కసారి గుర్రం లెక్క దుంకొచ్చు, అప్పటిదాక చెక్ పడకుంటేనే. బంటు ఆ దరి చేరితే ఏ కాయ వరసలో చేరిందో ఆ కాయనే అవుతది. పిల్ల నేర్పింది వేరు. బంటు ఆ దరి చేరితే మంత్రి కావొచ్చు, ఏనుగు కావొచ్చు, ఒంటె, గుర్రం ఏదన్నా కావొచ్చు, మన ఇష్టం. తాతది తప్పా, పిల్లది తప్పా? రెండూ ఆటలే. కాని ఒక్క బోర్డు మీద రెండు రూల్స్ నడవవు. పిల్లలు బడి పోటీలకు పోతరు, వాళ్లతో ఆడాలంటే వాళ్ల రూలే నేర్చుకోవాలె అని మేము నిర్ణయం చేసుకున్నం. తాతతో ఆడినప్పుడు తాత రూలు. ఆడే ముందు చెప్పుకోవాలె, నడుమ కాదు. ఆయన ఇప్పటికీ కాస్లింగ్ చూస్తే మూతి తిప్పుకుంటడు. కాస్లింగ్ అంటే రాజు రెండు గళ్లు ఏనుగు దిక్కుకు జరిగి, ఏనుగు రాజును దాటి పక్కన కూసునుడు. రాజు గాని ఆ ఏనుగు గాని అప్పటిదాక కదిలి ఉండొద్దు, నడుమ కాయ ఉండొద్దు, రాజుకు చెక్ ఉండొద్దు, రాజు దాటే గడి మీద, చేరే గడి మీద శత్రువు చూపు ఉండొద్దు. ఇన్ని షరతులు విని ఒకామె, ఇంత కంటే బ్యాంకు లోన్ సులువు అన్నది.

అసలు కొట్లాట బంటు దగ్గర అయింది. ఆ రోజు పిల్ల, ఇంకొక సభ్యురాలు ఆడుతున్నరు. ఆ సభ్యురాలు తన బంటును మొదటి చోటు నుంచి రెండు గళ్లు జరిపింది. అది పిల్ల బంటు పక్కన వచ్చి నిలిచింది. పిల్ల తన బంటును ఐమూలగ ఎనక ఖాళీ గడిలోకి జరిపి, పక్కనున్న ఈమె బంటును తీసేసింది. ఖాళీ గడిలోకి పోయి పక్కదాన్ని కొట్టుడేంది! దొంగాట అన్నది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. తల్లులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుంట కూసున్నరు. అప్పు వసూలు దగ్గర కూడా మా సంఘంలో అంత గొంతు లేవలేదు.

డబ్బాలో మడత పెట్టిన రూల్స్ కాయితం ఉండె, ఇంగ్లీషులో. నాకు పదో తరగతి ఇంగ్లీషు. ఒక్కొక్క మాట కూడబలుక్కొని, రాని మాటలకు బడి సారుకు ఫోన్ చేసి చదివినం. రూలు ఉన్నది. దాని పేరు ఎన్ పాసాన్. ముందటి కాలంలో బంటు ఒక్క అడుగే నడిచేది కదా, ఆట జల్దీ కావాలని మొదటి అడుగు రెండు చేసిండ్రు. అట్ల చేస్తే ఎదుటి బంటు చూపు నుంచి తప్పించుకొని పక్కనుంచి జారిపోయే వీలు దొరికింది. అందుకని, ఒక్క అడుగే వేసినట్టు అనుకొని దాన్ని కొట్టొచ్చు అన్నరు. కాని వెంటనే ఆ ఎత్తులోనే కొట్టాలె, ఒక ఎత్తు ఆగితే హక్కు పోతది. కారణం తెలిసినంక ఆ సభ్యురాలు చల్లబడ్డది. రూలు ఉన్నదని చెప్పినందుకు కాదు, ఎందుకు ఉన్నదో చెప్పినందుకు చల్లబడ్డది. పిల్లను దగ్గరికి తీసుకొని మల్ల ఆడింది. ఆ ఆట ఎవరు గెలిచిండ్రో నాకు యాది లేదు.

ఆ రాత్రి నేను ఆ కాయితంలోని రూల్స్ మొత్తం తెలుగులో, మనం మాట్లాడుకునే తీరుగ, పెద్ద చార్టు మీద రాసిన. చదవరాని వాళ్ల కోసం పక్కన బొమ్మలు పిల్ల వేసింది. చార్టు గ్రామ సమాఖ్య ఆఫీసు గోడ మీద పంచసూత్రాల పక్కన ఉన్నది. కొట్లాట వస్తే గోడ దిక్కు చూస్తం.

ఇంకొక రూలు గురించి చెప్పాలె, స్టేల్‌మేట్. ఎదుటి రాజుకు చెక్ లేదు, కాని వాళ్లకు కదపడానికి ఒక్క ఎత్తు కూడా మిగలలేదు. అప్పుడు ఎవరూ గెలవనట్టు, ఆట సమానం. మా పెద్దమ్మకు ఒకసారి రాజు, మంత్రి రెండూ ఉన్నయి, ఎదుట ఒక్క రాజు మూలకు నిలబడ్డడు. గెలుపు చేతిలో ఉన్నట్టే. మంత్రిని తీసుకపోయి ఆ రాజుకు గుర్రం దుంకు దూరంలో పెట్టింది. చెక్ కాదు, కాని వాడు ఎటూ కదలలేడు. అయిపోయింది, సమానం. పెద్దమ్మకు రెండు రోజులు మింగుడు పడలేదు. తర్వాత తనే అన్నది, అప్పు తీసుకున్నోన్ని కాలు కదపనియ్యకుంట కట్టేస్తే అప్పిచ్చినోడికి ఏమొస్తది, ఏం రాదు. మీరు ఆడితే ఈ దూరం గుర్తు పెట్టుకోండి. మూలనున్న ఒంటరి రాజుకు మీ మంత్రిని గుర్రం దుంకు దూరంలో పెట్టొద్దు.

కాయ ముట్టుకుంటే దాన్నే ఆడాలె అనే రూలు మాత్రం మేము మూడు నెలలు పక్కకు పెట్టినం. నేర్చుకునేటోళ్ల చేతులు వణుకుతయి. ఇప్పుడు అమలు చేస్తున్నం.

ఇగ ఆటలో నుంచి బయటికి పోయిన ఒక సంగతి. ఆ పెద్దమ్మ ఇంటి మీద ఒక ప్రైవేటు ఫైనాన్స్ అప్పు ఉండె, సంఘం అప్పు కాదు. ఒక నెల కిస్తు వారం ఆలస్యమైంది. వసూలుకు వచ్చిన పిల్లగాడు మొత్తం బాకీ మీద ఫైన్ లెక్క కట్టిండు, రూలు అట్లనే ఉన్నదన్నడు. ఎప్పుడన్నా అయితే ఏడ్చుకుంట కట్టేది. ఆ రోజు పెద్దమ్మ, రూలు ఎక్కడ రాసుందో చూపియ్ నాయనా, నాకు చదవరాదు, మా లీడర్ చదువుతది అన్నది. నన్ను పిలిపించింది. నేను పోయి లోన్ కార్డు అడిగిన. సీసీ సారు ఒక మీటింగ్‌లో చదివి వినిపించిన సంగతి నాకు యాదిలో ఉన్నది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండ ఇచ్చే చిన్న అప్పులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అవి నడుస్తున్నయి. ఆలస్యమైతే ఫైన్ గడువు దాటిన కిస్తు మీదనే వేయాలె, మొత్తం అప్పు మీద కాదు. ముందుగ కట్టేస్తే ఫైన్ లేదు. లోన్ కార్డు అప్పు తీసుకున్నోళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలె. పొద్దున 9 కాకముందు, సాయంత్రం 6 దాటినంక వసూలు కోసం ఫోన్లు చేయొద్దు. కార్డులో ఫైన్ ఉన్నది, లేదని కాదు. కాని అది ఆ ఒక్క కిస్తు మీదనే ఉన్నది. పెద్దమ్మ ఆ మేరకు కట్టి రసీదు తీసుకున్నది. పిల్లగాడు పోయినంక నాతో, ఇది ఎన్ పాసాన్ కాదు బిడ్డా, నిజంగనే దొంగాట అన్నది.

మన దిక్కు ఆడోళ్లకు ఈ ఆట రాదు అనేటోళ్లకు రెండు పేర్లు చెప్తా. కోనేరు హంపి, గుడివాడ ఆమె. తండ్రి దగ్గర నేర్చుకున్నది, 2002లో 15 ఏండ్లకే గ్రాండ్ మాస్టర్ అయింది. బిడ్డను కన్నంక మల్ల ఆటకొచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్, 2024లో మల్ల చాంపియన్. రెండో ఆమె ద్రోణవల్లి హారిక, గుంటూరు. 2022లో చెన్నైలో ఒలింపియాడ్ జరిగినప్పుడు తొమ్మిదో నెల గర్భంతో కూసోని ఆడింది, మన ఆడోళ్ల జట్టుకు కాంస్యం వచ్చింది. 2024లో బుడాపెస్ట్‌లో అదే ఒలింపియాడ్‌లో జట్టుకు బంగారం, అందులో కూడా ఆమె ఉన్నది. తొమ్మిదో నెల సంగతి చెప్పినప్పుడు మా దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తొమ్మిదో నెల దాక ఆసు పోసినోళ్లు, పత్తి ఏరినోళ్లు ఉన్నరు మా దగ్గర. అంత సేపు కూసుంటే నడుమెంత నొచ్చిందో పాపం అన్నరు.

ఇప్పుడు మా 12 మందిలో తొమ్మిది మందికి ఆట పూర్తిగ వచ్చు. ఇద్దరు ఇప్పటికీ బంట్లతోనే ఆడుతరు, వాళ్లకు అదే ఇష్టం. ఒకామె, నాకు ఈ తలనొప్పి వద్దు, అష్టాచెమ్మా గీయండి అన్నది, ఆమెకు గీసిస్తం. మొదట చెప్పిన పిల్ల తల్లి ఉన్నది కదా, తల వంచుకున్నామె, ఆమె రోజూ రాత్రి బిడ్డతో ఒక ఆట ఆడుతది. ఇంకా ఒక్కసారి కూడా గెలవలేదు. బిడ్డ కావాలని ఓడబోతే పట్టుకొని తిట్టిందట.

నేర్చుకోవాలనుకున్న ఊర్లోళ్లు ఉంటే మా సంఘం నుంచి ఇద్దరం వస్తం. చార్టీలు మీరు పెట్టుకోవాలె, చార్టు నకలు మేము రాసిస్తం. రాజోలికి వచ్చినా సరే, ఆదివారం మధ్యాహ్నం గ్రామ సమాఖ్య ఆఫీసులో బోర్డు పరిచి ఉంటది. తెల్ల గుర్రం ఒకటి ఎలుక ఎత్తుకపోయిందో పిల్లలు పారేసిండ్రో తెలియదు, దాని జాగాలో నూలు కండె నిలబెట్టినం. అది దుంకుతది, చూసి నవ్వొద్దు.